పిడుగుకు దారి వేసిన అచ్చుపని కుర్రాడు: బెంజమిన్ ఫ్రాంక్లిన్ జీవితం

మన ఇళ్లల్లో ఉర్దూలో బల్బు వెలిగించేదాన్నీ బిజిలీ అనే అంటాం, ఆకాశంలో మెరిసేదాన్నీ బిజిలీ అనే అంటాం. తెలుగులో కూడా విద్యుత్తు అంటే మొదటి అర్థం మెరుపే. మాట ఒకటే అయినా, ఈ రెండూ నిజంగా ఒకటేనని 1752 దాకా ఎవరూ చేసి చూపించలేదు. ఆ సంగతి తేల్చింది కాలేజీ గడప తొక్కిన పండితుడు కాదు. రెండేళ్లు మాత్రమే బడికి వెళ్లి, పన్నెండేళ్లకే అచ్చు యంత్రం దగ్గర పనికి కుదిరిన ఒక కొవ్వొత్తుల వ్యాపారి కొడుకు. ఆయన పేరు బెంజమిన్ ఫ్రాంక్లిన్.

కోనసీమలో, అందులోనూ ఐ.పోలవరం లాంటి చోట, ఈ కథ దూరదేశపు కథలా అనిపించదు. ఒక పక్క వృద్ధ గౌతమి, ఎదుర్లంక వంతెన దాటితే యానాం, దిగువకు పోతే భైరవపాలెం, ఆ పైన సముద్రం. మధ్యలో ఎటు చూసినా కొబ్బరి చెట్లే. ఎండాకాలం చివర్లో మధ్యాహ్నం దాకా ఉక్కపోసి, సాయంత్రానికి మబ్బు కమ్మితే అందరి చూపూ ఆకాశం మీదే. ఉరుము వినపడగానే ఒక ఇంట్లో అర్జునుడి పేర్లు తలుచుకుంటారు, పక్కింట్లో దాదీమా దుఆ చదువుతుంది. తెల్లారి చూస్తే తోటలో ఏదో ఒక చెట్టు మొవ్వు మాడిపోయి మోడుగా నిలబడి ఉంటుంది. చెట్టు పోతే ఫరవాలేదు. దాని కింద ఆవు కట్టేసి ఉన్నా, వాన తగ్గేదాకా ఆగుదామని మనిషి నిలబడ్డా, ఆ ఇంటి కథే మారిపోతుంది.

ఆ పిడుగు ఎందుకు పడుతుంది, ఎత్తైన చెట్టునే ఎందుకు వెతుక్కుంటుంది, దాన్ని తప్పించుకునే దారి ఉందా? ఈ ప్రశ్నలకు మొదటిసారి సరైన జవాబు దొరికింది ఫ్రాంక్లిన్ చేతుల్లోనే.

పదిహేనో సంతానం

అమెరికా అప్పటికింకా ఇంగ్లండు వలస. అక్కడి బోస్టన్ పట్టణంలో 1706 జనవరి 17న బెంజమిన్ పుట్టాడు. తండ్రి జోసయ్య ఇంగ్లండు నుంచి వలస వచ్చినవాడు. పశువుల కొవ్వు కరిగించి కొవ్వొత్తులు, సబ్బులు చేసి అమ్మేవాడు. ఇద్దరు భార్యల వల్ల ఆయనకు పదిహేడు మంది పిల్లలు. వాళ్లలో బెంజమిన్ పదిహేనోవాడు, మగపిల్లల్లో ఆఖరివాడు. పిల్లాణ్ణి మతగురువుగా చదివిద్దామని తండ్రికి ఆశ. ఖర్చు భరించలేక రెండేళ్లకే మాన్పించి, పదేళ్ల వయసులో కొవ్వు మరిగించే పనిలో కూర్చోబెట్టాడు.

ఆ పని పిల్లాడికి నచ్చలేదు. పుస్తకం కనపడితే మాత్రం వదిలేవాడు కాదు. అది చూసి తండ్రి పన్నెండో ఏట అతణ్ణి పెద్ద కొడుకుల్లో ఒకడైన జేమ్స్ అచ్చు దుకాణంలో పని నేర్చుకోవడానికి పెట్టాడు. ఒప్పందం ప్రకారం ఇరవై ఒకటో ఏడు వచ్చేదాకా చాకిరీ. అన్న చెయ్యి చేసుకునేవాడు కూడా. పుస్తకాల అంగళ్లలో పనిచేసే కుర్రాళ్లతో స్నేహం చేసి, రాత్రి తెచ్చుకున్న పుస్తకం తెల్లారేలోగా చదివి తిరిగి ఇచ్చేసేవాడు. చిన్నప్పుడు బడిలో తప్పిన లెక్కలు కూడా అలాగే సొంతంగా నేర్చుకున్నాడు.

1723లో, పదిహేడేళ్ల వయసులో, అన్నతో పడక ఇల్లు వదిలి ఫిలడెల్ఫియాకు పారిపోయాడు. అక్కడ దిగేసరికి జేబులో మిగిలింది కొద్ది చిల్లర. దాంతో మూడు రొట్టెలు కొనుక్కుని, ఒకటి తింటూ రెండు చంకలో పెట్టుకుని వీధుల్లో నడిచాడు. ఆ ఊరే తర్వాత ఆయన పేరుతో ప్రసిద్ధికెక్కింది.

కష్టపడ్డాడు. సొంత అచ్చు దుకాణం పెట్టాడు, 1729లో ఒక పత్రిక కొన్నాడు. 1731లో స్నేహితులతో కలిసి చందాలు వేసుకుని ఒక గ్రంథాలయం తెరిచాడు. ఒక్కడి దగ్గర పది పుస్తకాలు ఉండే బదులు పదిమందీ తమవి కలిపితే అందరికీ వంద పుస్తకాలు అందుతాయన్నది ఆ ఆలోచన. 1732 నుంచి ఏటా పంచాంగం లాంటి చిన్న పుస్తకం అచ్చు వేశాడు. తిథులు, వాతావరణం, పొదుపు మాటలు అన్నీ ఉండే ఆ పుస్తకం ఇంటింటికీ చేరింది. నలభై రెండేళ్లకే, 1748లో, వ్యాపారం భాగస్వామికి అప్పగించి పక్కకు తప్పుకున్నాడు. అప్పటికే ఆయన మనసంతా ఒక గాజు గొట్టం మీద ఉంది.

తస్బీ పూసలో దాగిన సంగతి

ఆ గాజు గొట్టం కథ చెప్పాలంటే ముందు అంబర్ గురించి చెప్పాలి. కొన్ని చెట్ల జిగురు లక్షల ఏళ్లు మట్టిలో గట్టిపడితే పసుపు రంగు రాయిలా తయారవుతుంది. దాంతో చేసిన తస్బీలు తుర్కీ, అరబ్బు దేశాల్లో ఇప్పటికీ ప్రియంగా కొంటారు. ఆ పూసను ఉన్ని గుడ్డతో రుద్ది గడ్డిపరక దగ్గర పెడితే అది ఎగిరి వచ్చి అంటుకుంటుంది. అందుకే ఫార్సీలో దానికి కహ్‌రుబా అని పేరు. కాహ్ అంటే గడ్డి, రుబా అంటే లాక్కునేది. అరబ్బీలో ఈ రోజు కరెంటుకు వాడే కహ్‌రబా అనే మాట అందులోంచి వచ్చిందే. గ్రీకులు అదే అంబర్‌ను ఎలక్ట్రాన్ అన్నారు. ఇంగ్లీషులో ఎలక్ట్రిసిటీ అనే మాటకు మూలం అదే.

మన పిల్లలు బడిలో ప్లాస్టిక్ దువ్వెనతో జుట్టు దువ్వి కాగితం ముక్కల్ని ఎగరేస్తారే, అదీ ఇదే. రుద్దినప్పుడు ఒక వస్తువుకు వచ్చే ఈ గుణాన్నే విద్యుదావేశం అంటారు. 1733లో ఫ్రాన్సులో దు ఫే అనే ఆయన ఇందులో రెండు రకాలున్నాయని గమనించాడు. గాజును రుద్దితే వచ్చేది ఒకటి, లక్క లాంటి జిగురు పదార్థాలను రుద్దితే వచ్చేది ఇంకొకటి. ఒకే రకంవి ఒకదాన్నొకటి తోసుకుంటాయి, వేర్వేరు రకాలు లాక్కుంటాయి. ఎందుకలా అన్నది మాత్రం ఎవరికీ అంతుపట్టలేదు. ఐరోపా పట్టణాల్లో అది డబ్బులు పెట్టి చూసే ఒక వినోదంగా మారింది.

ఫ్రాంక్లిన్ కూడా మొదట అలాంటి ప్రదర్శనే చూశాడు, 1743లో బోస్టన్‌లో. కొన్నాళ్లకు లండన్‌లో ఉండే పీటర్ కాలిన్సన్ అనే వర్తకుడు ఆయన గ్రంథాలయానికి ఒక గాజు గొట్టం, దాన్ని ఎలా వాడాలో చెప్పే కాగితం పంపాడు. అంతే, ఇల్లంతా ప్రయోగశాల అయిపోయింది. చూడ్డానికి వచ్చే జనం ఎక్కువై, స్నేహితులకు కూడా గొట్టాలు చేయించి పంచిపెట్టాడు.

ఇద్దరి మధ్య లెక్క

1747లో ఆయన చేసిన ఒక ప్రయోగం ఈ రోజు ఫిజిక్స్ పుస్తకాల్లో చెప్పే ఒక ముఖ్య సూత్రానికి పునాది. చాలా తేలికైన ప్రయోగం. ఇద్దర్ని మైనపు దిమ్మల మీద నిలబెట్టాడు. మైనంలోంచి ఆవేశం నేలలోకి పోదు కాబట్టి ఆ ఇద్దరూ నేలతో సంబంధం లేకుండా ఉన్నట్టే. ఒకడు గాజు గొట్టాన్ని రుద్దాడు. రెండోవాడు ఆ గొట్టానికి వేలు దగ్గర పెట్టి దాని మీది ఆవేశాన్ని తీసుకున్నాడు. ఇప్పుడు నేల మీద నిలబడ్డ మూడో మనిషి వీళ్లిద్దరిలో ఎవరికి వేలు దగ్గరగా పెట్టినా చిటుక్కున నిప్పురవ్వ వచ్చింది. అంటే ఇద్దరికీ ఆవేశం ఉంది. అయితే ఆ ఇద్దరే ఒకరినొకరు ముట్టుకుంటే ఇంకా పెద్ద రవ్వ వచ్చి, ఆ తర్వాత ఇద్దరిలోనూ ఏమీ మిగల్లేదు.

అచ్చు దుకాణంలో జమాఖర్చు రాసిన మనిషికి దీని అర్థం వెంటనే తట్టింది. రుద్దడం వల్ల కొత్తగా ఏదీ పుట్టలేదు. ఒకడి దగ్గర తగ్గింది, ఇంకొకడి దగ్గర అంతే పెరిగింది. పెరిగినదానికి ప్లస్, తగ్గినదానికి మైనస్ అని పేరు పెట్టాడు. ధనావేశం, రుణావేశం అని మనం ఇప్పుడు చదువుకునేవి ఇవే. రెండూ కలిపితే లెక్క సున్నా. ఆవేశాన్ని పుట్టించలేం, నాశనం చెయ్యలేం, ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చగలం అంతే. దీన్నే ఆవేశ నిత్యత్వ నియమం అంటారు. రెండువందల డెబ్బై ఏళ్లకు పైగా అయింది, ఇంతవరకు ఈ నియమం తప్పిన ప్రయోగం ఒక్కటీ లేదు.

ఒక చిన్న పొరపాటు మాత్రం జరిగింది. ఏది పెరిగింది, ఏది తగ్గింది అన్నది కంటికి కనిపించదు. పట్టుగుడ్డతో రుద్దిన గాజుకు పెరిగిందని ఆయన ఊహించి దానికి ప్లస్ గుర్తు ఇచ్చాడు. 1897లో జె.జె. థామ్సన్ ఎలక్ట్రాన్‌ను కనుక్కున్నాక తెలిసింది, గాజు నిజానికి ఎలక్ట్రాన్లను పోగొట్టుకుంటుందని. అప్పటికి గుర్తులు మార్చే వీలు లేకపోయింది. అందుకే ఇవాళ్టికీ పుస్తకంలో కరెంటు బాణం గుర్తు ఒక వైపు ఉంటుంది, తీగలో ఎలక్ట్రాన్లు దానికి ఎదురుగా కదులుతాయి. ఇక్కడ తికమక పడే పిల్లలు తాము మొద్దులమని బాధపడక్కర్లేదు. తప్పు వాళ్లది కాదు.

ఎలక్ట్రాన్ ఆవేశం చాలా చిన్నది. ఒక కూలుంబు ఆవేశం కావాలంటే సుమారు 62,400 కోట్ల కోట్ల ఎలక్ట్రాన్లు పోగవ్వాలి. మామూలు పిడుగు ఒకటి ఇలాంటి కూలుంబులు పదీ ఇరవై ఒక్కసారిగా నేలకు దించుతుంది. పిడుగు బలం అక్కడుంది.

సూదిమొన రహస్యం

ఫ్రాంక్లిన్ స్నేహితుడు థామస్ హాప్కిన్సన్ ఒక వింత గమనించాడు. ఆవేశం ఉన్న ఇనుప గుండు దగ్గరికి మొద్దు వస్తువును తెస్తే, ఒక అంగుళం దూరం దాకా వచ్చాక గానీ రవ్వ రాదు. సూదిని తెస్తే ఆరేడు అంగుళాల దూరం నుంచే గుండులోని ఆవేశం చప్పుడు లేకుండా దిగిపోతుంది. ఫ్రాంక్లిన్ ఆలోచన అక్కడి నుంచి ఆకాశానికి పోయింది. 1749లో పిడుగుకూ, గాజు గొట్టం రవ్వకూ ఉన్న పోలికలన్నీ వరసగా రాసుకున్నాడు. రెండూ వెలుగిస్తాయి, వంకరటింకరగా పోతాయి, లోహం వెంట పరుగెడతాయి, చప్పుడు చేస్తాయి, లోహాన్ని కరిగిస్తాయి, ప్రాణం తీస్తాయి. ఇన్ని పోలికలు ఉంటే సూదిమొన పిడుగును కూడా దింపుతుందేమో, చేసి చూడాలి అనుకున్నాడు.

ఎత్తైన చోట మొనదేలిన ఇనుప కడ్డీ నిలబెట్టి మబ్బులోంచి ఆవేశం తీయవచ్చని 1750లో రాసి లండన్‌కు పంపాడు. కాలిన్సన్ ఆ ఉత్తరాలను 1751లో పుస్తకంగా వేయించాడు. అది ఫ్రాన్సు చేరింది. 1752 మే 10న పారిస్ దగ్గర మార్లీ అనే పల్లెలో దాలిబార్ అనే ఆయన నిలబెట్టించిన నలభై అడుగుల కడ్డీ దగ్గర ప్రయోగం జరిగింది. ఆ రోజు దాలిబార్ ఊళ్లో లేడు. కాపలాకు పెట్టిన మాజీ సిపాయి కడ్డీ నుంచి నిప్పురవ్వలు తీశాడు. భయపడి కబురు పెడితే ఆ ఊరి చర్చి గురువు వడగళ్ల వానలో పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఆయన వెనక ఊరి జనం. గురువు తానే స్వయంగా రవ్వలు తీసి చూసి, వెంటనే దాలిబార్‌కు ఉత్తరం రాశాడు.

ఈ కబురు సముద్రం దాటి రాకముందే, ఆ జూన్‌లో ఫిలడెల్ఫియాలో ఫ్రాంక్లిన్ తన గాలిపటం ఎగరేశాడు. వెంట ఉన్నది కొడుకు విలియం ఒక్కడే. పటం పట్టు రుమాలుతో చేసింది, పైన ఒక అడుగు పొడవు లోహపు మొన. జనపనార దారం చివర తాళంచెవి కట్టి, అక్కడి నుంచి పట్టు రిబ్బను చేత్తో పట్టుకున్నాడు. రిబ్బను తడవకుండా ఒక పాక కింద నిలబడ్డాడు. చాలాసేపటికి దారం పోగులు నిక్కబొడుచుకున్నాయి. తాళంచెవి దగ్గర వేలి కణుపు పెడితే రవ్వ వచ్చింది. చాలామంది అనుకుంటున్నట్టు ఆ పటం మీద పిడుగు పడలేదు. పడి ఉంటే ఆయన బతికేవాడు కాదు. మబ్బులోని ఆవేశం కొద్దికొద్దిగా దారం వెంట దిగింది, అంతే.

ఆ రోజుల్లో కోనసీమ నిజాం కింద రాజమండ్రి సర్కారులో ఉండేది. మరుసటి ఏడాది, 1753లో, సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను ఫ్రెంచివారికి ఇచ్చాడు. అదే 1753 ఆగస్టులో రష్యా రాజధాని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో రిక్‌మన్ అనే శాస్త్రవేత్త ఇంటి మీది కడ్డీకి కట్టిన పరికరాన్ని చూస్తూ పిడుగుపాటుకు చనిపోయాడు. ఆ కడ్డీని నేలకు కలపలేదు. ఆవేశానికి భూమిలోకి దారి లేక మనిషి గుండా దారి వెతుక్కుంది. గాలిపటం ప్రయోగం ఎవరూ ఇంటి దగ్గర చేసి చూడకూడదు అనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

పేటెంటు తీసుకోలేదు

ఇక పిడుగు నుంచి ఇల్లు కాపాడే ఉపాయం సిద్ధమైంది. ఇంటి కన్నా ఎత్తుగా మొనదేలిన ఇనుప కడ్డీ, దాని నుంచి గోడ వెంట దిగే లోహపు తీగ, ఆ తీగ చివర తడి నేలలో బాగా లోతుకు. పిడుగు పడినా ఇంట్లోకి రాకుండా ఆ దారిన భూమిలోకి పోతుంది. ఫ్రాంక్లిన్ ఈ వివరాన్ని 1753 సంవత్సరపు తన పంచాంగంలో ఒక పేజీలో అచ్చు వేసి అందరికీ చెప్పేశాడు. పేటెంటు తీసుకుంటే కోట్లు గడించేవాడు. ఇతరులు కనిపెట్టినవి మనం వాడుకుంటున్నాం, మనం కనిపెట్టినవి ఇతరులకు ఉచితంగానే ఇవ్వాలన్నది ఆయన పద్ధతి. అదే ఏడాది లండన్ రాయల్ సొసైటీ ఆయనకు కోప్లీ పతకం ఇచ్చింది.

అందరూ ఒప్పుకోలేదు. పిడుగు దేవుడి కోపం, దానికి అడ్డుపడటం పాపమని కొందరు గురువులు అన్నారు. ఉరుముతున్నప్పుడు చర్చి గంటలు మోగిస్తే పిడుగు పోతుందని ఐరోపాలో నమ్మేవాళ్లు. ఆ గంటలు మోగించేవాళ్లే ఎత్తైన గోపురం కింద, తడిసిన తాడు పట్టుకుని ప్రాణాలు పోగొట్టుకునేవాళ్లు. వానకు ఇంటి మీద కప్పు వేసుకోవడం తప్పు కానప్పుడు, పిడుగుకు కడ్డీ పెట్టుకోవడం తప్పెలా అవుతుందన్నది ఫ్రాంక్లిన్ వాదన.

ఇంట్లో కూడా తంటా వచ్చింది. తన ఇంటి కడ్డీకి రెండు చిన్న గంటలు తగిలించాడు, మబ్బులో ఆవేశం ఉంటే అవి మోగేలా. ఆయన లండన్‌లో ఉన్నప్పుడు అర్ధరాత్రి ఆ గంటలు మోగితే భార్య డెబొరా హడలిపోయేది. చివరికి వాటిని ఎలా ఆపాలో ఉత్తరంలో రాసి పంపాల్సి వచ్చింది.

మరో ప్రయోగం ఇంకా పెద్ద సంగతికి దారి తీసింది. ఆవేశం ఎక్కించిన వెండి డబ్బా లోపలికి దారంతో చిన్న బెండు ఉండను దించితే, దాన్ని లోపలి గోడ లాగలేదు. డబ్బా బయట మాత్రం లాగింది. ఈ సంగతి ఫ్రాంక్లిన్ తన స్నేహితుడు ప్రీస్ట్‌లీకి చెప్పాడు. దూరం రెట్టింపయితే బలం నాలుగో వంతుకు పడిపోవాలని దాన్నిబట్టి ప్రీస్ట్‌లీ 1767లో ఊహించాడు. 1785లో ఫ్రాన్సులో కూలుంబు సన్నని తీగకు వేలాడే త్రాసుతో కొలిచి ఆ సూత్రాన్ని రుజువు చేశాడు. ఆవేశం లోహపు పెట్టె బయటి పొరలోనే ఉంటుందన్నదానికి మనకు రోజువారీ ఉపయోగం కూడా ఉంది. పిడుగులు పడేటప్పుడు అద్దాలు ఎత్తిన కారులో కూర్చుంటే క్షేమమే. ఆటోలో, బైకు మీద ఆ రక్షణ లేదు.

ఇల్లు, దేశం, మనిషి

ఇంత తెలివైన మనిషికి జీవితాంతం మానని గాయం ఒకటి ఉంది. 1736లో నాలుగేళ్ల కొడుకు ఫ్రాన్సిస్ మశూచితో చనిపోయాడు. అప్పటికే టీకాలాంటి పద్ధతి ఉంది. ఫ్రాంక్లిన్ దాన్ని నమ్మినవాడే, అయినా పిల్లాడికి వేరే అనారోగ్యం ఉందని వాయిదా వేశాడు. దానికి జీవితమంతా కుమిలిపోయాడు. టీకాకు భయపడే తల్లిదండ్రులు తన సంగతి చూసి నేర్చుకోవాలని ముసలితనంలో రాసిన ఆత్మకథలో చెప్పుకున్నాడు. గాలిపటం రోజున పక్కనున్న విలియం స్వాతంత్ర్య పోరాటంలో ఇంగ్లండు రాజు పక్షాన నిలిచాడు. తండ్రీకొడుకుల మధ్య ఆ గీత చివరిదాకా చెరగలేదు.

ఫ్రాంక్లిన్ 1776లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేశాడు. తర్వాత ఫ్రాన్సుకు రాయబారిగా వెళ్లి 1778లో సైనిక సాయం సంపాదించాడు. 1783 పారిస్ ఒప్పందంలో ఆయన సంతకం ఉంది. అదే కాలంలో ఇక్కడ దక్షిణాదిన హైదర్ అలీ ఇంగ్లీషువాళ్లతో యుద్ధం చేస్తున్నాడు. ఆ పేరు ఫిలడెల్ఫియా దాకా పోయింది. 1782 ఏప్రిల్‌లో అక్కడి డెలావేర్ అఖాతంలో బ్రిటిష్ యుద్ధనౌకను పట్టుకున్న అమెరికన్ ఓడ పేరు హైదర్ అలీ.

ముస్లింల గురించి ఆయన రాసిన మాటలు కూడా గుర్తు పెట్టుకోదగ్గవి. ఫిలడెల్ఫియాలో ఏ మత బోధకుడైనా వచ్చి మాట్లాడుకునేందుకు ఒక పెద్ద హాలు కట్టారు. కుస్తుంతునియా ముఫ్తీ ఇస్లాం గురించి చెప్పడానికి ఎవరినైనా పంపినా ఆ వేదిక దొరుకుతుందని ఆయన రాసుకున్నాడు. 1763 చివర్లో శాంతిగా బతుకుతున్న ఇరవై మంది కానెస్టోగా ఆదివాసులను శ్వేతజాతి మూక చంపింది. దాన్ని ఖండిస్తూ 1764లో వేసిన పుస్తకంలో, ఖైదీకి నీళ్లిస్తే అతని ప్రాణానికి పూచీ పడ్డట్టేనన్న సలాహుద్దీన్ కథ చెప్పి, క్రైస్తవులమని చెప్పుకునేవాళ్లు ఆ మర్యాద నేర్చుకోవాలని తన జనాన్నే నిలదీశాడు.

ఆయన మచ్చలేని మనిషి కాదు. చాలా ఏళ్లు ఇంట్లో బానిసలను పెట్టుకున్నాడు, తన పత్రికలో బానిసల అమ్మకం ప్రకటనలు వేశాడు. 1763లో నల్లజాతి పిల్లల బడి ఒకటి చూసి, వాళ్లు చదువులో ఎవరికీ తీసిపోరని ఒప్పుకున్నాడు. 1787లో బానిసత్వ నిర్మూలన సంఘానికి అధ్యక్షుడయ్యాడు. 1790 ఫిబ్రవరిలో బానిసత్వం రద్దు చెయ్యాలని అమెరికా కాంగ్రెస్‌కు అర్జీ పంపాడు. ఒక సభ్యుడు బానిసత్వాన్ని వెనకేసుకొస్తే, ఆయన వాదనలనే అక్కడ యూరోపియన్లను బందీలుగా పట్టుకున్న అల్జీర్స్ అధికారి ఒకడి నోట పెట్టి వ్యంగ్యంగా రాశాడు. ఆ అధికారి కల్పిత పాత్ర. తమవాళ్లు బందీలైతే అన్యాయం, తాము చేస్తే న్యాయమా అన్నది అందులోని ప్రశ్న. అది రాసిన నెల లోపే, 1790 ఏప్రిల్ 17న, ఎనభై నాలుగేళ్ల వయసులో కన్నుమూశాడు. అంత్యక్రియలకు సుమారు ఇరవై వేల మంది వచ్చారు.

కొబ్బరి తోటలో ఆయన పాఠం

ఫ్రాంక్లిన్ నేర్పిన లెక్కను ఐ.పోలవరం ఆకాశానికి వేసి చూస్తే అంతా అర్థమవుతుంది. మబ్బులో మంచు రేణువులు ఒకదానికొకటి రాసుకుని ఆవేశం విడిపోతుంది. మామూలుగా మబ్బు అడుగున రుణావేశం చేరుతుంది. దాని ప్రభావం వల్ల కింద నేల మీద ధనావేశం పోగవుతుంది, ఎత్తైన వస్తువుల కొనల దగ్గర మరీ ఎక్కువ. విడిపోయిన ఆ రెండూ మళ్లీ కలవడానికి దొరికిన దగ్గర దారే పిడుగు. చదునైన డెల్టాలో ఆ దగ్గర దారి కొబ్బరి చెట్టు, సెల్ టవరు, మసీదు మినారు, గుడి గోపురం, చర్చి శిఖరం. పిడుగు మతం చూడదు, ఎత్తు చూస్తుంది. అందుకే మినారు కట్టేటప్పుడే కడ్డీ, రాగి పట్టీ, లోతైన ఎర్తింగు గొయ్యి కూడా లెక్కలో పెట్టుకోవాలి. కడ్డీ పెట్టి ఎర్తింగు వదిలేస్తే రిక్‌మన్ ఇంట్లో జరిగిందే జరుగుతుంది.

మెరుపు కనపడ్డాక ఉరుము వినపడేదాకా లెక్కపెట్టాలి. మూడు సెకన్లకు సుమారు ఒక కిలోమీటరు దూరం. ముప్పై లోపే వినపడితే వెంటనే పక్కా ఇంట్లోకి వెళ్లాలి. ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రాకూడదు. పడవలో ఉంటే ఒడ్డుకు చేరాలి, వరిచేలో నీళ్లలోంచి బయటికి రావాలి. ఎంత వాన వచ్చినా చెట్టు కింద మాత్రం నిలబడకూడదు. పశువుల్ని కూడా కొబ్బరి చెట్టుకు కట్టేసి వదిలేయకూడదు. పిడుగుల హెచ్చరికకు దామిని అనే ప్రభుత్వ మొబైల్ యాప్ ఉంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటి. పిడుగు తగిలిన మనిషిని ముట్టుకుంటే మనకూ షాకు కొడుతుందని భయపడి చాలాచోట్ల దగ్గరికి వెళ్లరు. అది నిజం కాదు. తగిలిన క్షణంలోనే ఆవేశం భూమిలోకి పోయింది, ఆ ఒంట్లో ఇక ఏమీ మిగల్లేదు. ఊపిరి, నాడి ఆగిపోతే వెంటనే ఛాతీ మీద గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉండాలి. ఇంకొకరు 108కి ఫోన్ చెయ్యాలి. అలా చేసిన ఆ నాలుగు నిమిషాల వల్ల బతికి ఇంటికొచ్చేవాళ్లు ఉంటారు.

మైనపు దిమ్మల మీద ఇద్దర్ని నిలబెట్టి ఆయన తేల్చిన లెక్క అంతే. ఆవేశం పుట్టదు, చావదు, దారి దొరికిన చోటికి పోతుంది. ఆ దారి మనిషి గుండా పోకుండా చూసుకోవడం మన చేతుల్లో ఉంది. రెండేళ్ల బడి చదువుతో ఒక కుర్రాడు అంత దూరం వెళ్లాడు. ఇవాళ మన ఊళ్లో పదో తరగతి దాకా చదివే ప్రతి అమ్మాయికీ అబ్బాయికీ అంతకన్నా ఎక్కువ బడే దొరుకుతోంది.